మా ఆవిడ కథకు నేను పట్టిన శ్రుతి

ఈ ఏడు శ్రీరామనవమికి అద్దంకిలో మా వీధి చివరి రామాలయం ముందు పందిట్లో ఒక ఆడపిల్ల హరికథ చెప్పింది. ఇంజనీరింగు చదువుతూ, సెలవుల్లో మా ఇంటికి వచ్చి మా ఆవిడ దగ్గర కథ నేర్చుకున్న పిల్ల. నడుముకు పట్టు ఉత్తరీయం బిగించి, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, చేత చిరతలు పట్టి ఆ పిల్ల మైకు ముందుకు రాగానే, వాళ్ళ నాన్న గబగబా వచ్చి మృదంగం పక్కన చాప మీద ఒక సెల్‌ఫోన్ పెట్టి, దాని మీద వేలితో ఏదో నొక్కి వెళ్ళిపోయాడు. అంతే, శ్రుతి మొదలైంది. హార్మోనియం తిత్తి ఊపే మనిషి లేడు, మెట్టు మీద వేలు అదిమిపట్టి గంటల తరబడి కూర్చునే మనిషి లేడు. జనంలో ఎవరూ ఆ ఫోన్ వైపు చూడలేదు. నేను మాత్రం కథ జరిగినంతసేపూ దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఎందుకంటే చాప మీద ఆ చోటు ఒకప్పుడు నాది. అక్కడ కూర్చునే నేను నా భార్యను చూసి ఈర్ష్యపడ్డాను.

ఈ మాట ఇంత సూటిగా రాయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. పరాయివాడి వైభవం చూసి కుళ్ళుకోవడం ఒక రకం, వాడి ముఖం రోజూ చూడనక్కర్లేదు. తన కంచంలో అన్నం పెట్టే మనిషిని పదిమందీ మెచ్చుకుంటుంటే పైకి నవ్వుతూ లోపల మండిపోవడం వేరు. మా ఈడువాళ్ళలో కొందరికైనా అది తెలియకపోదనే ధైర్యంతోనే రాస్తున్నాను.

మా మేనమామ దర్శి చుట్టుపక్కల పేరున్న హరిదాసు. మా అమ్మ నన్ను చిన్నప్పుడే తీసుకెళ్ళి ఆయన ఇంట్లో పెట్టింది. ఆయన నాకు పద్యం నేర్పాడు, అడుగు నేర్పాడు, వచనం ఎక్కడ పరుగెత్తించాలో ఎక్కడ ఆపి జనం ముఖాలు చూడాలో నేర్పాడు. ఆయనకు ఒక్కతే కూతురు. ఆ పిల్లకు హార్మోనియం అప్పగించి శ్రుతికి కూర్చోబెట్టాడు. ఏ ఊళ్ళో కథ అయినా మామయ్య ముందు నిలబడి ఆడుతూ పాడుతూ చెప్తుంటే, వెనక ఆ పిల్ల వేలు మెట్టు మీద నుంచి తీయకుండా తిత్తి ఊపుతూ ఉండేది. తరవాత మామయ్యకు మోకాళ్ళ నొప్పులు వచ్చి, తన గజ్జెలు నా కాళ్ళకు కట్టి, కూతుర్ని కూడా నాకే ఇచ్చాడు. అలా ఆవిడ వాళ్ళ నాన్న వెనక నుంచి నా వెనక్కి వచ్చి, అదే పెట్టె ముందేసుకుని కూర్చుంది. ఇన్ని కథలు ఇన్నేళ్ళుగా విన్న మనిషికి అవన్నీ వచ్చి ఉంటాయని నాకు ఒక్కసారీ తట్టలేదు. ఆవిడ శ్రుతి ఏదో కూడా నాకు తెలియదు. నా శ్రుతే పట్టేది కదా.

తొంభైల చివర్లో ఒక నవమినాడు అది తెలిసింది. మా వైపు నవమి అంటే మిరపకాయ కల్లాలకొచ్చే రోజులు. రోడ్డు పొడుగునా రెండు పక్కలా ఎర్రగా కాయ పరిచి ఉంటుంది, బస్సు కిటికీలోంచే ఘాటు కళ్ళకు తగులుతుంది. పత్తి అప్పటికి అయిపోయి మోళ్ళు మిగిలి ఉంటాయి. ఊళ్ళవాళ్ళ చేతులు కాస్త ఖాళీ అయ్యే వేళ కాబట్టే నవమి పందిళ్ళకు అంత జనం వచ్చేవారు. దర్శి అవతల ఒక ఊళ్ళో కల్యాణం అయ్యాక, పానకాలు తాగి, మధ్యాహ్నం ఎండ వాలుతుండగా నేను సీతమ్మ పెళ్ళికథ ఎత్తుకున్నాను. పందిరికి ఆనుకునే ఒక కల్లం ఉంది. పండగ పూట అక్కడ పని ఉండదనుకున్నాం గానీ, గుంటూరు యార్డుకు సరుకు ఎత్తాల్సిన లారీ ఆ పూటే వచ్చింది. వాళ్ళు టిక్కీ గోతాల్లో కాయలు కాళ్ళతో తొక్కి తొక్కి నింపుతున్నారు, ధూళి లేస్తోంది.

రాముడు విల్లు ఎత్తాడు. ఇక ఎక్కుపెట్టి విరవాలి. ఆ పద్యం పైస్థాయిలో అందుకోవాలని గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. సరిగ్గా అప్పుడే గాలి మా వైపు తిరిగింది. గొంతులోకి మిరప ఘాటు పోయి, దగ్గు తెర మీద తెర వచ్చి, కళ్ళవెంట నీళ్ళు కారి, మాట అన్నది రాకుండా పోయింది. ఒకరు నీళ్ళన్నారు, ఒకరు బెల్లమన్నారు. మృదంగం వాయించే మా బాబాయి లేచి వీపు చరిచాడు. ఏం చేసినా గాలి తప్ప గొంతు లేదు. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలావిడ పెద్ద గొంతుతో అందుకుంది.

"అట్టా ఆపితే ఎట్టాగయ్యా? విల్లు గాల్లోనే ఉండె. పెళ్ళి కాకుండా పందిట్లోంచి లేస్తే ఊళ్ళో పిల్లలకి పెళ్ళిళ్ళు అవుతాయా?"

ఎత్తుకున్న కథ మంగళం పాడకుండా ఆపకూడదు. అది మా వృత్తిలో నియమం. పెళ్ళికథ అయితే ఊరివాళ్ళకు మరీ పట్టింపు. నేను చేతులు జోడించి దగ్గుతూ నిలబడ్డాను. అప్పుడు మా ఆవిడ, ఘాటుకు అడ్డం పెట్టుకున్న పమిట ముఖం మీద నుంచి తీసి నడుముకు దోపి, లేచి వచ్చి నా చేతిలోంచి చిరతలు తీసుకుంది. నన్ను భుజం పట్టి తన చోట కూర్చోబెట్టింది. నా వేలు తీసి హార్మోనియం మీద ఒక తెల్లమెట్టు మీద పెట్టి, "ఇది వదలకు బావా" అంది. అది అయిదో శ్రుతి. ఆవిడ శ్రుతి అదని నాకు తెలిసింది అప్పుడే.

బాబాయి, వయొలిన్ మేష్టారు తంటాలు పడి తమ వాద్యాలు ఆ శ్రుతికి కలుపుకునేదాకా ఆవిడ పాట జోలికి పోకుండా ఉత్త మాటలతో కథ నడిపింది. విల్లు ఎత్తిన రాముడు పక్కకు తిరిగి, ఈ మిరప ఘాటు ఎక్కడిదయ్యా అని విశ్వామిత్రుడిని అడిగాడని చెప్పింది. జనం పగలబడి నవ్వారు. వాద్యాలు కలిశాయి. ఆ తరవాత ఆవిడ గొంతెత్తింది. గజ్జెలు లేవు, ఉత్తి కాళ్ళతోనే అడుగు వేసింది. విల్లు విరిగింది. సీతమ్మ దండ పట్టుకుని నడిచి వస్తుంటే పందిట్లో ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. అది ఘాటుకు కాదు.

ఆ రోజు నాకు నిజంగా సంతోషమే వేసింది. అబద్ధం చెప్పను, ఆపద తప్పించిన మనిషి మీద ఎవరికైనా ప్రేమే పుడుతుంది. ఈర్ష్య అనేది ఆ మరుసటి ఏడు, ఆ ఊరి కమిటీ పెద్దాయన మా గుమ్మం ముందు స్కూటరు ఆపినప్పుడు మొదలైంది.

"దాసుగారూ, ఈసారి కూడా అమ్మాయిగారి చేతే చెప్పిద్దామండి. ఆడాళ్ళంతా పట్టుబట్టారు. తమరు కూడా రావాలి మరి, శ్రుతికి."

తమరు కూడా, శ్రుతికి. ఆ మాట అన్న మనిషికి నన్ను నొప్పించాలని ఏ కోశానా లేదు. నేను నవ్వి, దానికేముందండీ అన్నాను. అక్కడితో ఆగలేదు. ఆ ఊరు చూసి పక్క ఊరు, కనిగిరి వైపు నుంచి కూడా పిలుపులొచ్చాయి. నా కథకు పిలిచేవాళ్ళు తగ్గారు, ఆవిడ కథకు పెరిగారు. నా కథ బాగుండదని కాదు, నా కథలో జనం తప్పు వెతకలేకపోయేవారు, ఆవిడ కథలో తమని తాము మరిచిపోయేవారు. ఆ తేడా నాకు తెలుసు. తెలియకపోతే ఇంత మండేది కాదు.

రెండు వేల తరవాత ఫ్లెక్సీలు వచ్చాయి గదా. ఒక ఊరి పొలిమేరలో మా ఆవిడ ఫోటో నిలువెత్తున కట్టారు. అది మేమిద్దరం కలిసి దిగిన ఫోటో. నన్ను కత్తిరించారు గానీ, అంచున నా చెవి ఒకటి మిగిలిపోయింది. కింద చిన్న అక్షరాల్లో శ్రుతి సహకారం అని నా పేరు. బస్సు దిగి ఆ చెవిని నేను చాలాసేపు చూశాను. ఆవిడ కూడా చూసింది, చూసి నవ్వాపుకోలేక ముఖం పక్కకు తిప్పుకుంది. ఇప్పుడైతే నేనూ నవ్వుతాను. అప్పుడు మాత్రం ఆ పూట ఆవిడతో మాట్లాడలేదు. మా ఊరి టీ కొట్టు దగ్గర నాతో చదువుకున్నవాడు ఒకడు, "ఏరా, పెళ్ళాం ఆడతంటే నువ్వు తిత్తి కొడతన్నావంట గదా, ఇంకేం, కమ్మరి కొలిమి పెట్టుకో" అన్నాడు. కొట్లో అందరితో పాటు నేనూ నవ్వి, టీ సగంలో వదిలేసి వచ్చాను.

ఆ కోపం నేను ఎవరి మీద తీర్చుకున్నానో చెప్పనక్కర్లేదు. కథ అయ్యాక తిరుగు బస్సులో ఆవిడకు తప్పులు ఏకరువు పెట్టేవాణ్ణి. ఫలానా పద్యం తొందరపడ్డావు, ఫలానాచోట అడుగు తాళానికి వెనకబడింది, పిట్టకథ మరీ సాగదీశావు అని. ఆవిడ మొదట్లో శ్రద్ధగా వినేది, దిద్దుకునేది కూడా. దిద్దుకున్న కొద్దీ కథ ఇంకా బాగా వచ్చేది. ఒకసారి మాత్రం అడిగింది.

"అన్నీ తప్పులేగాని బావా, మరి ఆ ఆడాళ్ళంతా ఎందుకు ఏడ్చారు?"

"వాళ్ళు సీరియల్ చూసినా ఏడుస్తారు" అన్నాను. ఆవిడ కిటికీ వైపు తిరిగింది. ఇల్లు చేరేదాకా ఇటు తిరగలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా అద్దంకిలోనే ఒక గుడి కల్యాణోత్సవాలకు మా ఆవిడ చేత సీతమ్మ పెళ్ళికథ పెట్టారు. దీపాలు పెట్టే వేళకు మొదలు. ఒకప్పుడు మామయ్య ఏటేటా కథ చెప్పిన గుడి అది. ఆయన అప్పటికి మంచం దిగడం తగ్గించాడు గానీ, ఈ కథకు వస్తానని పట్టుబట్టి కారులో వచ్చి ముందు వరసలో చేతుల కుర్చీలో కూర్చున్నాడు. కూతురు పూర్తి కథ చెప్పగా ఆయన ఎన్నడూ వినలేదు. మా ఆవిడకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఊళ్ళ మెప్పు ఆవిడకు కొత్తేం కాదు, నాన్న విని ఏమంటాడోనన్నదే ఆవిడ ఆరాటమంతా. పొద్దుటి నుంచి అన్నం ముట్టలేదు.

నా ఆరాటమూ అదే. గజ్జెలు కట్టింది ఆయన నాకు. ఇన్నాళ్ళూ ఎవరేమన్నా ఆయన వారసుణ్ణి నేనే. ఇప్పుడు ఆయన వింటే తేడా తెలిసిపోతుంది, నాకు తెలిసినట్టే. ఆయన కంట్లో కూడా ఆ తడి కనబడితే నాకిక ఏమీ మిగలదనిపించింది. ఆవిడ తెర వెనక గజ్జెలు కట్టుకుంటుండగా నేను చాప మీద కూర్చుని, అయిదు మీద పెట్టాల్సిన వేలు పక్కనున్న నల్లమెట్టు మీద పెట్టాను. అయిదున్నర. అర శ్రుతి తేడా. వినేవాడికి తెలియదు, పాడేవాళ్ళకు మొదటి ఘడియలో పెద్ద ఇబ్బందీ ఉండదు. కానీ గంట గడిచి, ఆడి ఆడి ఊపిరి తగ్గాక, విల్లు విరిగే పద్యం పైస్థాయిలో అందుకోవాల్సి వచ్చినప్పుడు ఆ అరే గొంతును పట్టుకుంటుంది. గొంతు జీరబోతుంది, లేదా పగులుతుంది. అది నాకు బాగా తెలుసు.

వయొలిన్ మేష్టారు తంత్రి బిగిస్తూ ఆగి, "అయిదున్నరా అండీ?" అన్నాడు. "ఆవిడే పెట్టమంది" అన్నాను. బాబాయి నా వంక ఒకసారి చూసి, రాయి తీసుకుని మృదంగం ఎక్కించుకున్నాడు.

అంత లెక్కవేసినవాణ్ణి ఒక్కటి మరిచిపోయాను. మామయ్య చెవి. ప్రార్థన మొదటి పలుకు దగ్గరే ఆయన తల కాస్త పక్కకు వాలింది. కూతురి వైపు చూడలేదు, నా వేలి వైపు చూశాడు. తరవాత కళ్ళు మూసుకున్నాడు.

మా ఆవిడకూ తెలిసింది. అయినా ప్రార్థన ఎత్తుకున్నాక శ్రుతి మార్చమంటే నిండు సభలో నామోషీ, తన నాన్న ముందు మరీనూ. ధైర్యం చేసి సాగించింది. స్వయంవర మండపం దాకా బాగానే లాగింది. రాజులు విల్లెత్తలేక చతికిలబడే చోట నవ్వించింది కూడా. కానీ విశ్వామిత్రుడు రాముణ్ణి లేవమనే పాట దగ్గర పైస్వరం అందుకోబోయి, గొంతు ఒరుసుకున్నట్టయి, చటుక్కున కిందికి దిగింది. జనం గమనించలేదు. నేను గమనించాను. నేను దానికోసమే కాచుకుని ఉన్నాను. అది వినగానే నాకు సంతోషం కలగాలి. కలగలేదు. అయినా వేలు తీయలేదు.

ఆవిడ చిరతలు ఆపింది. మైకు ముందు నిలబడి ముఖం తుడుచుకుని, ఇక్కడొక పిట్టకథ ఉందండీ అంది. కథ మధ్యలో జనానికి నవ్వూ మాకు ఊపిరీ ఇచ్చే చిన్నకథనే పిట్టకథ అంటారు. అందులో పాట ఉండదు, మాటే.

"ఒక ఊళ్ళో ఒక ఇల్లాలుందండీ. పెరుగు తోడేస్తే గడ్డలాగా తోడుకునేది. ఊరంతా ఆమె పెరుగునే మెచ్చుకుంటన్నారు. మొగుడికి కడుపులో మంట. మెచ్చుకుంటే నన్ను మెచ్చుకోవాలిగాని పెరుగునేంది అని. ఒకనాడు ఏం చేశాడు? ఆవిడ లేంది చూసి ఉట్టి తాడు లాగి ఇంకో జానెడు పైకి కట్టాడు. ఆవిడొచ్చి చెయ్యెత్తింది. కుండ వేళ్ళకు తగులుతుందిగాని పట్టు దొరకదు. మునివేళ్ళ మీద లేచింది. ఊగుతుంది కుండ. వాడు మూల కూర్చుని చూస్తన్నాడు, ఎప్పుడు పడుద్దా అని."

జనం నవ్వుతున్నారు. ఆవిడ మునివేళ్ళ మీద లేచి, లేని ఉట్టికి చెయ్యి చాచి ఊగిపోతూ చూపించింది. ఆడవాళ్ళలోంచి ఎవరో "వాడి నోట్లో మన్నుబడ" అన్నారు. మా ఆవిడ వాళ్ళ వైపు తిరిగింది.

"తిట్టమాకమ్మా, పాపం. వాడికి బుర్ర లేదు. ఆ కుండ పగిలితే పెరుగన్నం లేక పస్తుండేది ఎవరు? వాడే గదా!" అని, అలా చెయ్యి చాచే ఉంచి, నా వైపు తిరిగి, కోపం లేని గొంతుతో, "దింపవయ్యా మొగుడా, జానెడంటే జానెడు. నీకోసమే" అంది.

పందిరంతా గొల్లుమంది. ఆ నవ్వుల్లో నా వేలు నల్లమెట్టు మీద నుంచి తెల్లమెట్టు మీదికి జారింది. వయొలిన్ మేష్టారు అడక్కుండానే తంత్రి వదులు చేశాడు. బాబాయి "ఒరేయ్ ఒరేయ్" అని సణుగుతూ రాయి అందుకుని మృదంగం దింపాడు. వాళ్ళు కలుపుకునేదాకా ఆవిడ ఇల్లాలి చేత కుండ దింపించి, మొగుడికి పెరుగన్నం కలిపించి, పక్కన మాగాయ ముక్క కూడా వేయించింది. తరవాత చిరతలు మోగాయి. అయిదో శ్రుతిలో ఆ పద్యం ఆవిడ ఎత్తుకున్న తీరు నేను చెప్పలేను. విల్లు విరిగినప్పుడు నేను మామయ్య వైపు చూడాలని తల ఎత్తాను గానీ, కళ్ళకు నీళ్ళడ్డమొచ్చి ఆయన ముఖం కనబడలేదు.

హారతి అయ్యాక ఆయన నన్ను దగ్గరికి పిలిచాడు.

"అయిదున్నర పెట్టింది ఎవడ్రా?"

"నేనే మామయ్యా."

"దింపింది?"

"నేనే."

"సరే, పో. అది పొద్దుటి నుంచి ఏం తిన్లేదు, పోయి దానికి అన్నం పెట్టించు" అన్నాడు. కూతుర్ని ఏమీ అనలేదు, దగ్గరికి రాగానే ఆవిడ చిరతలు తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుని, కారెక్కేదాకా ఇవ్వలేదు. మర్నాడు ఇంట్లో నేను పెట్టెలోంచి ఆయన గజ్జెలు తీసి మా ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ వాటిని చేత్తో తూచి చూసి, "బరువెక్కువ బావా, నాకు నావే బాగుంటాయి" అని మళ్ళీ నా పెట్టెలోనే పెట్టేసింది. నన్ను ఒక్క మాట అంటుందేమోనని రోజులు ఎదురుచూసి, చివరికి నేనే ఉండబట్టలేక, తిట్టవేం అని అడిగాను. "ఊరందరి ముందూ చెప్పాగా, ఇంకా ఏం తిట్టను" అని పప్పు పోపు పెట్టుకోవడానికి వెళ్ళింది.

దానితో నా ఈర్ష్య కడిగేసినట్టు పోయిందని రాస్తే చదవడానికి బాగుంటుంది గానీ నిజం కాదు. తరవాత కూడా ఆవిడ మెడలో దండ వేస్తున్నప్పుడల్లా లోపల కలుక్కుమనేది. ఇప్పటికీ, కథ నేర్చుకునే పిల్లలు వచ్చి ఆవిడ కాళ్ళకు మొక్కి నాకు నమస్కారం మాత్రం పెట్టి వెళ్తుంటే కాస్త కలుక్కుమంటుంది. కానీ ఆ సాయంత్రం తరవాత ఆవిడ గొంతును మాత్రం నా చెవి వదల్లేదు. ఏ రోజు జలుబు చేసిందో, ఏ రోజు బస్సు గతుకులకు అలిసిందో వినే కనిపెట్టి, పావు కథ కాకముందే పిట్టకథ దగ్గర నేనే అర శ్రుతి దింపేవాణ్ణి. ఆవిడ వెనక్కి తిరిగి చూసేది కాదు. చిరతలు ఒక్కసారి ఎక్కువగా మోగించేది. అది మా ఇద్దరికే తెలిసిన సంగతి. ఆ కొన్నేళ్ళూ నేను బతికిన మంచి రోజులు.

తరవాత పిలుపులు తగ్గాయి. పందిళ్ళలో పాటల పార్టీలొచ్చాయి, పెద్ద స్పీకర్లొచ్చాయి. మామయ్య పోయాడు. మా ఆవిడ గొంతు వయసుతో కిందికి దిగి, ఇప్పుడు పాడటం మాని పిల్లలకు చెప్పడమే మిగిలింది. హార్మోనియం తిత్తి ఎలుకలు కొరికితే బాగుచేయించలేదు.

ఈ నవమినాడు ఆ పిల్ల బాగా చెప్పింది. చివరికి వచ్చేసరికి ఎండకి, ఆటకి అలిసిపోయి, విల్లు విరిగే చోట గొంతు ఒరుసుకుంది. మా ఆవిడ నా పక్క కుర్చీలో ముందుకు వంగింది. చాప మీద ఫోన్ మొదలెట్టిన మెట్టు మీదే నిబ్బరంగా మోగుతూ ఉంది. దానికి ఎవరిమీదా ఈర్ష్య లేదు, ఎన్నడూ ఎవరికీ అర శ్రుతి ఎక్కించదు. పిల్ల గొంతు అలిసిందని దింపనూ దింపదు. నేను నా మోకాలి మీద చూపుడువేలు పక్కకు జరిపి అదిమిపట్టి ఉన్నానని, మా ఆవిడ తన చెయ్యి దాని మీద వేసేదాకా నాకు తెలియలేదు.